మబ్బు పట్టిన ఏడు

ఏలూరు ఆసుపత్రిలో గాయత్రి పేరు మీద గడ్డకట్టించి దాచిన ఎంబ్రియో, అంటే ఒంటి బయట తయారు చేసిన పిండం, ఇక ఒక్కటే మిగిలింది. ముందు పెట్టిన రెండూ నిలవలేదు. ఈ చివరిది కడుపులో పెట్టించుకుంటుందో లేదో శనివారం సాయంత్రం ఓపీ మూసేలోగా చెప్పమన్నారు డాక్టరుగారు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కమిషన్ కొట్టు చూసుకునే భర్త ఫణికిరణ్, ఏమడిగినా "నీ ఇష్టం గాయత్రీ" అంటాడు. అత్తగారు విజయకుమారి ఏమీ అడగరు. దేవుడి దీపం దగ్గర మాత్రం ఇదివరకటికన్నా ఎక్కువసేపు కూర్చుంటున్నారు. వద్దని చెప్పెయ్యాలని గాయత్రి మనసులో ఖాయం చేసుకుంది. ఎందుకు వద్దో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇవాళే శనివారం.

*

ఆసుపత్రి మేడ మీది హాల్లో ఫ్యాను గాలి అందరికీ సమంగా తగలదు. కిటికీ పక్కనున్న చాపకే చల్లదనం. ఆ చాపని శిల్ప ఎప్పుడూ గాయత్రి కోసం ఆపి ఉంచుతుంది, బస్సులో సీటు ఆపినట్టు చున్నీ పరిచి. శిల్పది భీమడోలు. ముందు బస్సుకే వచ్చేస్తుంది. గాయత్రి గూడెం నుంచి రైల్లో వచ్చి మెట్లెక్కేసరికి చున్నీ తీసి దులిపి, "రండి రండి, ఏసీ బోగీ ఖాళీగా ఉంది" అంటుంది.

ఈ క్లాసు చెప్పే భార్గవి డాక్టరు కాదు. మనసుకి సంబంధించిన చదువు చదివి, పిల్లల కోసం వైద్యం చేయించుకునే ఆడవాళ్ళకి వారం వారం శ్వాస మీద ధ్యాస పెట్టడం, ఒళ్ళు వదులు చేసుకోవడం నేర్పుతుంది. మొదటి రోజే ఆమె ఒక మాట చెప్పింది.

"ఇది చేస్తే కడుపు పండుతుందని నేను చెప్పనండీ. అలా చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ బోర్డులు చాలా పెద్దగా ఉంటాయి. పొద్దస్తమానం మనల్ని మనం తిట్టుకోవడం కొంచెం తగ్గుతుంది. నేను మాటివ్వగలిగింది అంతవరకే."

ఆ మాట కోసమే గాయత్రి మళ్ళీ వచ్చింది. ఈ రెండు మూడేళ్ళలో తనకి ఇంత తక్కువ మాటిచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు.

"కాలి వేళ్ళ దగ్గర మొదలు పెడదాం" అంది భార్గవి. "బిగించండి. ఇప్పుడు వదిలెయ్యండి. పాదాలు... పిక్కలు... తొందరేం లేదు. మోకాళ్ళు..."

మోకాళ్ళ దగ్గరకి వచ్చేసరికి గురక వినిపించింది. ఎవరో కిసుక్కున నవ్వారు. శిల్ప ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"నేనేనాండీ?"

"మీరేనండీ."

"ఏం చెయ్యనండీ మేడమ్, మా ఇంట్లో ఒక్కళ్ళూ నన్ను మోకాళ్ళ దాకా పడుకోనివ్వరు. ఇక్కడే కదా దొరికేది."

ఈసారి అందరూ నవ్వారు. భార్గవి కూడా నవ్వి, నవ్వులు వాటంతటవి ఆగేదాకా ఊరుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. నడుము, పొట్ట, భుజాలు, దవడ. అందరి ఊపిరీ నెమ్మదించాక గొంతు ఇంకాస్త తగ్గించింది.

"మన మనసు మనతో అస్తమానం అనే మాట ఒకటుంటుంది. ఇవాళ దాన్ని తరమొద్దు. రానివ్వండి. వచ్చాక దాని చివర చిన్న తోక తగిలించండి. 'అని నా మనసు అంటోంది.' అంతే. మాట మారలేదు. కానీ అది మీరు కాదు, మీకు వినబడుతున్న మాట అని తెలుస్తుంది."

గాయత్రికి వెతుక్కోవలసిన పని లేకపోయింది. నా చేతిలో ఏదీ బతకదు. తోక తగిలించింది. అని నా మనసు అంటోంది.

"ఇప్పుడు ఆ మాట ఎవరి గొంతులో వినబడుతోందో వినండి."

విన్నది. వినడంతోటే కళ్ళ వెనక చెరువు కనిపించింది. నీళ్ళ మీద తెల్లటి పొట్టలు, వేలెడంత పొట్టలు, గట్టు నుంచి గట్టు దాకా. ఛాతీ మీద ఎవరో బస్తా దించినట్టయింది. చప్పున లేచి కూర్చుంది.

భార్గవి ఏమైందని అడగలేదు. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చాప పక్కన పెట్టి, మిగతావాళ్ళ దగ్గరకి వెళ్ళిపోయింది. అడగకపోవడం కూడా ఒక ఉపకారమని గాయత్రికి అప్పుడే తెలిసింది.

క్లాసయ్యాక మెట్ల మీద ఆగారిద్దరూ.

"ఎవరి గొంతండీ?" అంది భార్గవి.

"మా మేనత్త. పుష్పమ్మత్త."

"ఉన్నారా?"

"ఉంది. వేమలంకలో. కొల్లేటి ఒడ్డున మా పుట్టిల్లు."

"ఆవిణ్ణెప్పుడైనా అడిగారా?"

"ఏమని అడగనండీ? నా పదకొండో ఏట అన్న మాట."

"ఇప్పటికీ వినబడుతోంది కదండీ." భార్గవి చేతిలోని చాపల కట్టని గోడకి ఆనించింది. "శిల్పగారు మీ దగ్గరకొచ్చి, నా చేతిలో ఏదీ బతకదండీ అంటే ఏమంటారు?"

"మతి పోయిందా నీకు అంటాను."

"మరి?"

కింద ఓపీలో ఎవరి పేరో పిలుస్తున్నారు.

"మీరు డాక్టరుగారికి ఔనని చెప్పినా, వద్దని చెప్పినా నాకు రెండూ ఒకటేనండీ" అంది భార్గవి. "చెప్పేది మాత్రం మీరేనో, ఆ పదకొండేళ్ళ పిల్లో, ఒక్కసారి చూసుకోండి."

*

పాత బస్టాండులో, వేమలంక మీదుగా పోయే కైకలూరు బస్సు కదలబోతూ ఉంది. గాయత్రిని చూసి కండక్టరు ఈల ఊదకుండా ఆగాడు. లోపల ఒక ముసలామె తన బుట్టని కాళ్ళ మధ్యకి లాక్కుని, "కూచోమ్మా" అంది. మళ్ళీ ఒక్క మాటైనా మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం లేని మనిషి పక్కన కూర్చోవడం గాయత్రికి హాయిగా అనిపించింది.

ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా చెరువులు మొదలయ్యాయి. నిన్నటి వానకి గట్ల మీద గడ్డి పచ్చగా ఉంది. ఇవాళ ఎండ కాసింది. కరెంటు తీగల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. దూరంగా ఒక గూడకొంగ బరువుగా లేచి, ఆలోచించుకుని, మళ్ళీ అక్కడే దిగింది.

గాయత్రి పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉండేది. చెరువులో చేపపిల్ల వదిలే రోజున, ఆ పిల్లల్ని నింపి తెచ్చిన ప్లాస్టిక్ కవర్లలో మొదటిది ఇంటి ఆడపిల్ల చేత విప్పిస్తారు. ఆ ఏడు గాయత్రి వంతు వచ్చింది. కొత్త పరికిణీ మోకాళ్ళ పైకి ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. నాన్న బంగార్రాజు వెనక నించుని భుజాలు పట్టుకున్నాడు. కవరు విప్పగానే చిన్న చేపలు పాదాల మీదుగా కితకితలు పెడుతూ పోయాయి. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

తెల్లవారేసరికి అన్నీ చచ్చి తేలాయి.

గట్టు మీద ఊరి జనం. నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడన్నది పుష్పమ్మత్త, అందరూ వింటూ ఉండగా. "ఈ పిల్ల చేతిలో ఏదీ బతకదు."

ఎవరూ కాదనలేదు. అదే మధ్యాహ్నం నాన్న పెట్టె సర్ది, ముందే అనుకున్న ప్రకారం ఆమెని ఏలూరులో హాస్టల్‌కి తీసుకెళ్ళాడు. దారంతా మాట్లాడలేదు. ఆ తర్వాత సెలవులకి వచ్చినప్పుడు చేపపిల్ల వదిలే రోజు తటస్థిస్తే గాయత్రి తలనొప్పని గదిలో పడుకునేది. నాన్న ఒకసారి తలుపు దగ్గరకొచ్చి, నించుని, వెళ్ళిపోయేవాడు. తన చెయ్యంటే ఆయనకీ భయమేనని అనుకుంది. ఆయన పోయాక కూడా అలాగే అనుకుంది.

పెళ్ళయ్యాక కుండీలో తులసి ఎండినా, పెట్టిన పెరుగు తోడుకోకపోయినా, ఆ మాట ఒక్కసారి తల ఎత్తి చూసేది. ఆసుపత్రిలో మొదటిసారి పోయినప్పుడు తల ఎత్తింది. రెండోసారి పోయాక ఇక దించలేదు.

*

చెరువు గట్టు మీద వ్యాను ఆగి ఉంది. గాలి ఊదిన ప్లాస్టిక్ కవర్లు ఒక్కొక్కటే దింపుతున్నారు. ఒక్కో కవర్లో సగం నీళ్ళు, సగం ఆక్సిజను, అడుగున నల్లగా కదిలే చేపపిల్లలు. తమ్ముడు శ్రీకర్ లుంగీ ఎగగట్టుకుని నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. నాన్న పోయాక చెరువు చూసుకుంటున్నది వాడే.

"ఏంటక్కా! చేపపిల్ల వచ్చిందని వాసన గూడెం దాకా కొట్టిందా?"

"కొట్టింది."

"నీకా వాసన పడదు కదా. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకో."

ఈ మాట వాడు ఎప్పుడూ అంటాడు. ఎందుకంటాడో గాయత్రి ఎప్పుడూ అడగలేదు.

రేకుల షెడ్డు నీడలో పుష్పమ్మత్త ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చాటలో చింతచిగురు నలుపుతోంది. కాళ్ళ కింద గోనెపట్టా మడిచి వేసుకుంది. పట్టా మీద ఎర్రరంగు అక్షరాలు సగం కనిపిస్తున్నాయి. చేపపిల్ల వదిలే రోజులకి ఏటా వచ్చిపోయే అత్త, మావయ్య పోయాక ఈ పుట్టింటి ఊళ్ళోనే ఉండిపోయింది. వాళ్ళకి పిల్లల్లేరు.

"అన్నం తిన్నావా?" అంది, పలకరింపుగా.

"తిన్నాను."

"అబద్ధం. మొహం చూడు, వడిలిన గోంగూరలా." పక్కనున్న స్టూలు కాలితో ముందుకి తోసింది. "కూచో. కవర్లు నీళ్ళలో తేలేస్తున్నాడు వీడు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక్క వేడికి రావాలి కదా. అందాకా మనకేం పని లేదు."

శ్రీకర్ కవర్లని విప్పకుండానే చెరువు మీద వదులుతున్నాడు. అవి బుడగల్లా నెమ్మదిగా ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. గాయత్రి కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో బస్సులో చాలా అనుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"అత్తా, నిన్నొకటి అడగాలి."

"అడుగు."

"చిన్నప్పుడు నా చేత మొదటి కవరు విప్పించారు. మర్నాడు పొద్దున అన్నీ తేలాయి. గుర్తుందా?"

"చాలాసార్లు తేలాయే తల్లీ. చేపల చెరువంటే ఏడాదికో ఏడుపు."

"నేను విప్పినప్పుడు. నువ్వు ఈ గట్టు మీదే నించుని, అందరి ముందూ, 'ఈ పిల్ల చేతిలో ఏదీ బతకదు' అన్నావు."

అత్త వేళ్ళు ఆగలేదు. "నేనా?"

"నువ్వే."

"నేనట్టా అన్నానా?" అని నవ్వింది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఎవరిదో అల్లరి పని విన్నట్టు నవ్వింది. గాయత్రికి ఆ నవ్వు తగిలినట్టు ఆ మాట కూడా తగల్లేదేమో.

"నవ్వకత్తా."

గొంతు తనదిలా లేదు. శ్రీకర్ నీళ్ళలోంచి ఇటు చూసి, వెంటనే ఫోను చెవికి పెట్టుకుని అవతలి గట్టు వైపు నడిచాడు. ఆ ఫోను మోగలేదు.

"రెండుసార్లు పోయాయి నాకు. పోయిన రెండుసార్లూ ఆసుపత్రి బాత్రూంలో, ఆ ట్యూబులైటు కింద, నాకు వినబడింది నీ గొంతే. డాక్టరుది కాదు, మా అత్తగారిది కాదు. ఫణి బయట తలుపు కొడుతున్నాడు. నేను తలుపు తీసి ఆయన మొహం చూడలేకపోయాను, నా చేతిలో ఏదీ బతకదని ఈయనకి ముందే చెప్పి ఉండాల్సింది కదా అని. ఇవాళ సాయంత్రంలోగా చివరిదాన్ని కూడా వద్దని చెప్పబోతున్నాను. ఎందుకో తెలుసా? అదైనా నా చేతిలో పడి చావకుండా ఉంటుందని. నీకేమో గుర్తే లేదు."

పుష్పమ్మత్త నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియదు.

"ఏ ఏడే అది?"

"నన్ను హాస్టల్లో వేసిన ఏడు."

అత్త పెదవులు కదిలాయి. లోపల ఏదో వెనక్కి లెక్క వేసుకుంటోంది. తర్వాత తలెత్తింది.

"ఓసి పిచ్చిదానా. అది మబ్బు పట్టిన ఏడు కదే."

"అంటే?"

"అంటే ఏంటి, వారం పైన సూర్యుడు మొహం చూపించలేదు. గాలి లేదు. నీళ్ళలో ఊపిరి లేక ఊళ్ళో ఒక్క చెరువు మిగల్లేదు. పొద్దున మనది పోయింది. మీ నాన్న నిన్ను తీసుకుని బస్సెక్కాడో లేదో, సాయంత్రానికి పక్క చెరువు. తెల్లారేసరికి ఆ వెనకవన్నీ. వేళ్ళంత పిల్లలు కాదు, అమ్మకానికొచ్చిన పెద్ద చేపలు. ట్రాక్టర్లలో ఎత్తి గోతుల్లో పూడ్చారు. ఊరంతా కంపు, ఎవరూ అన్నం తినలేదు. అందరికీ పోయిందే. మనది మొదట పోయింది, అంతే."

"నాకెవరూ చెప్పలేదు."

"నువ్వడగలేదు కదే. హాస్టల్లో ఉన్న పసిపిల్లకి చెరువుల గొడవెందుకని మీ నాన్నే వద్దన్నాడు. నువ్వీ మాట మోసుకు తిరుగుతున్నావని ఎవరికి తెలుసు?" అత్త ఒక ఈనె తీసి పారేసింది. "నీకోటి చెప్పనా? ఆ తర్వాత మీ నాన్న మొదటి కవరు ఎవరి చేతా విప్పించలేదు. శ్రీకర్ గాడు నేను విప్పుతానని ఏడ్చినా ఒప్పుకోలేదు. సెలవులకి గాయత్రి వస్తుంది, దాని చేతే అనేవాడు. నువ్వొచ్చి తలనొప్పని పడుకునేదానివి. తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. పట్నం చదువు కదా, చేపల వాసన పడటం లేదు దానికి, బలవంతం చెయ్యకండి అనేవాడు. ఏటా ఇదే."

గాయత్రికి తలుపు దగ్గర ఆగిన అడుగుల చప్పుడు వినిపించింది. తలుపుకి ఇవతల తను కళ్ళు గట్టిగా మూసుకుని నిద్ర నటించడం గుర్తొచ్చింది. అవతల ఆయన పిలవాలా వద్దా అని నించోవడం. చెక్క తలుపు, అంత మందమైనది కూడా కాదు.

"నేననే ఉంటాను" అంది పుష్పమ్మత్త, అడగకుండానే. "అనలేదని చెప్పను. ఆ రోజుల్లో నా చెవిన పడేవి అవే మాటలు. గొడ్రాలు గట్టెక్కితే చెరువు నిలుస్తుందా అని, నాకు వినబడేట్టే అనేవాళ్ళు. చెవిలో పోసిందే కదా నోట్లోంచి వచ్చేది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది. ఆవేళ నువ్వున్నావు."

చేతులు కొంగుకి తుడుచుకుని, గాయత్రి కుడిచెయ్యి తీసుకుని తిరగేసి చూసింది, కూరగాయ పుచ్చో మంచిదో చూసినట్టు.

"చల్లగా ఉంది. తిండి తినవు, అదీ సంగతి."

గాయత్రికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండింట్లో ఏదీ పూర్తిగా రాలేదు. నిజం తెలిసింది. అయినా ఛాతీ మీద బస్తా అలాగే ఉంది. మనసు ఒప్పుకున్నా ఒంటికి తెలియడానికి టైము పడుతుందండీ, ఒంటిని తొందరపెట్టకండి అని భార్గవి ఎప్పుడో అంది. కళ్ళు మూసుకుంది. కాలి వేళ్ళు. పాదాలు. షెడ్డు రేకుల మీద ఎండకి టిక్కుటిక్కుమని చప్పుడు. ఊపిరి లోపలికి వెళ్ళి, ఎక్కడో ఆగి, బయటికొచ్చింది.

నా చేతిలో ఏదీ బతకదు, అని నా మనసు అంటోంది.

అని అత్త ఒకప్పుడు అంది.

అని ఎవరో అత్తతో అన్నారు.

తోక మీద తోక. ఆఖరికి మాట చాలా దూరంగా, ఎవరిదో అయిపోయి, కొల్లేటి మీద ఎగిరే పక్షిలా చిన్నగా కనిపించింది. పోలేదు. చిన్నదైంది. అది చాలు.

"అక్కా!" శ్రీకర్ గట్టు కిందనుంచి పిలిచాడు. "నీళ్ళు సమానమయ్యాయి. విప్పేస్తున్నాం. లోపలికి వెళ్ళు, వాసనొస్తుంది."

"వాసన నాకెప్పుడూ పడకపోలేదురా" అంది గాయత్రి, చెప్పులు విడుస్తూ. "ఆగు. మొదటిది నేను విప్పుతాను."

వాడు ఒక క్షణం అక్క వైపు, ఒక క్షణం అత్త వైపు చూశాడు. ఏమీ అడగకుండా చెయ్యందించాడు.

అడుగున బురద మెత్తగా, గోరువెచ్చగా ఉంది. చుడీదారు మోకాళ్ళ దాకా తడిసింది. కవరు మూతికి బిగించి కట్టిన రబ్బరుని గోళ్ళతో లాగింది. శ్రీకర్ సాయం రాలేదు, రావాలనిపించినా. మూతి తెరుచుకుంది. చెరువు నీళ్ళు కొంచెం లోపలికి వెళ్ళాయి. చేపపిల్లలు అంచు దాకా వచ్చి ఆగాయి. బయట ఇంత నీళ్ళున్నాయని నమ్మకం కుదరనట్టు. ఒకటి దాటింది. ఆ తర్వాత అన్నీ.

పాదాల మీద అదే కితకిత.

"బతుకుతాయా?" అంది గాయత్రి.

"కొన్ని పోతాయక్కా. ఎవరు వదిలినా కొన్ని పోతాయి. చాలామటుకు బతుకుతాయి."

ఎవరు వదిలినా. ఆ రెండు మాటలు పట్టుకుని ఆమె కాసేపు నీళ్ళలోనే నించుంది.

*

గట్టెక్కి ఫణికి ఫోను చేసింది. తియ్యలేదు. శనివారం మార్కెట్లో వేలంపాటల హడావుడి, లారీలు, ఫోను వినబడదు. ముందు ఆయనతో చెప్పాలనుంది. చెప్పాల్సింది చాలా ఉంది, నాన్న గురించి, తలుపు గురించి. కానీ ఓపీ మూసే వేళ దగ్గరపడుతోంది. ఆయన జవాబు ఏమిటో తనకి తెలుసు. నీ ఇష్టం గాయత్రీ. ఇష్టమే. మొదటిసారి అది నిజంగా ఇష్టం. నిలుస్తుందో లేదో తెలియదు. పోతే మళ్ళీ ఏడుస్తుంది. తనని తాను తిట్టుకోకుండా ఏడుస్తుంది.

ఆసుపత్రికి చేసింది. నర్సు శ్రావ్య తీసింది.

"శ్రావ్యగారూ, నేను గాయత్రినండీ, తాడేపల్లిగూడెం. డాక్టరుగారికి చెప్తానన్నాను కదా..."

"ఆఁ, ఔనండీ. మీవారు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశారు కదండీ."

గాయత్రి తడి పాదాలు గడ్డి మీద ఆగాయి. "చెప్పారా?"

"చెప్పారండీ. ఇద్దరూ ఆలోచించుకున్నాం, వద్దనుకుంటున్నాం అన్నారు. డాక్టరుగారు మీ సంతకం కూడా ఉండాలన్నారు. సోమవారం మిమ్మల్ని తీసుకొస్తానన్నారు. మీకు... తెలీదాండీ?"

చెరువు అవతల ఎవరో నవ్వుతున్నారు. శ్రీకర్ రెండో కవరు విప్పుతున్నాడు.

"తెలుసు, తెలుసండీ" అంది గాయత్రి, మర్యాదగా. "పనిలో పడి మర్చిపోయాను. ఉంటానండీ."

ఫోను చేతిలో పట్టుకుని షెడ్డు వైపు తిరిగింది. అప్పుడు చూసింది. అత్త కాళ్ళ కింది గోనెపట్టా మీద ఎర్ర అక్షరాలు. వాటిని రోజూ చూస్తుంది తను. ఫణి కొట్టు గుర్తు. ఉల్లిపాయల బస్తా.

పుష్పమ్మత్త ఆమె చూపు ఎక్కడుందో చూసింది. కాళ్ళు పట్టా మీంచి మెల్లగా తీసేసింది.

"నీతో చెప్పొద్దన్నాడు" అంది.

"ఎప్పుడొచ్చారు?"

"మొన్నే. ఉల్లిపాయలు ఇచ్చిపోదామని వచ్చానన్నాడు. ఒక్క మనిషికి బస్తా ఉల్లిపాయలా నాయనా అన్నాను. నువ్విందాక కూచున్న ఆ స్టూలు మీదే కూచున్నాడు. అప్పుడడిగాడు. పిల్లలు లేకుండా మీరూ మావయ్యగారూ ఇన్నేళ్ళూ ఎలా గడిపారండీ అత్తయ్యగారూ, అని."

ఫణి. ఏమడిగినా నీ ఇష్టం అనే ఫణి. బాత్రూం తలుపు కొట్టి కొట్టి, చివరికి ఆ తలుపు అవతలే కూర్చున్న మనిషి.

"నువ్వేం చెప్పావత్తా?"

"నిజమే చెప్పానే. అబద్ధం చెప్పే వయసా నాది?" గొంతు తగ్గింది. "విన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. అన్నానికి పిలిస్తే ఆగను కూడా ఆగలేదు."

"ఏం నిజం?"

పుష్పమ్మత్త చాట తీసి కింద పెట్టింది. చింతచిగురు ఇంకా సగం మిగిలే ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు ఏ పనీ లేకుండా ఊరికే ఉండటం, గాయత్రి బుద్ధెరిగాక చూడటం అదే మొదటిసారి.

"పిల్లలు లేక కాదే మేం నలిగింది, ఈసారైనా నిలుస్తుందని ఎదురుచూసి ఎదురుచూసి నలిగాం, ఆ ఆశ మానుకున్నాకే బతికాం అని చెప్పాను" అంది.